నలభై రెండో అంచు

శశికళ భయస్తురాలు. ఆమెను తక్కువ చేయడానికి అన్న మాట కాదిది, పొడుగ్గా ఉన్నవాళ్ళను పొడుగు అన్నట్టే. బల్లి మీద పడితే తలస్నానం చేసేదాకా అన్నం ముట్టదు. ఎక్కడో కొండల అవతల ఉరిమినా టీవీ వైరు పీకేస్తుంది. పోస్టుమాన్ ఇంటి ముందు ఆగితే ముందు తలుపు మూసి, ఆ తర్వాత కిటికీలోంచి ఏమిటని అడుగుతుంది. ముప్పై తొమ్మిదేళ్ళు వచ్చాయి, ఇద్దరు ఆడపిల్లలను హాస్టలుకు పంపింది, అయినా ఆ గుణం వదల్లేదు. పుట్టుకతో వచ్చింది పుడకలతో గానీ పోదని ఊరికే అన్నారా.

అలాంటి మనిషి, రాజంపేటకు పది కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ నేతగాళ్ళ వీధిలో కంప్యూటరు ముందు కూర్చునే ఒకే ఒక్క మనిషి కావడం విచిత్రమే. పెళ్ళయిన కొత్తలో భర్త సాయిప్రసాద్ పోరు పడలేక రాజంపేటలో ఆరు నెలల కోర్సులో చేరింది. మొదటి వారమంతా మౌసును ముట్టుకోకుండా దూరం నుంచి చూస్తూ కూర్చుందని, అప్పుడు పక్క కుర్చీలో ఉన్న మహిమ ఇప్పటికీ నవ్వుతుంది. ఒకసారి పట్టుకున్నాక మాత్రం వదల్లేదు. తెర మీద చిన్న చిన్న గడులు నింపుతూ చీర అంచుకు పువ్వులూ హంసలూ గీయడం ఆమెకు చేతికొచ్చేసింది. ఆమె గీసినదాన్ని కాగితం మీదికి దించుకుని కడపకు తీసుకుపోయి అట్టల మీద బెజ్జాలు కొట్టించుకొస్తే, ఆ అట్టలు మగ్గం నెత్తిన ఎక్కి, ఏ దారం ఎప్పుడు లేవాలో అవే చూసుకుంటాయి. వీధిలో ఆరు మగ్గాలు ఆమె గీసిన అంచులే నేస్తున్నాయి. ఈ పని ఆమెకు ఎందుకు నచ్చిందంటే, గడి తప్పు నింపితే వెనక్కి తీసుకోవచ్చు. బతుకులో ఇంకెక్కడుంది అలాంటి వసతి?

ఇల్లు రెండు గదులు. ఒకటి వంటకు, ఒకటి మగ్గానికి. కంప్యూటరు మగ్గం గదిలోనే, కిటికీ కింద బల్ల మీద. కడపలో ఎవరో ఆఫీసు మూసేస్తుంటే సాయిప్రసాద్ కొనుక్కొచ్చిన పాత పెట్టె అది. ఎండాకాలంలో మగ్గం గదుల్లో నేతగాళ్ళంతా చేసే పని ఒకటుంది. వేడికి నూలు పెళుసెక్కి పడుగు, అంటే మగ్గం మీది నిలువు దారం, పుటుక్కున తెగుతుంది. అందుకని మగ్గం గుంతలో నీళ్ళు చల్లుతారు, కిటికీలకు తడి గోనెపట్టలు కడతారు, పక్కనే కడవలో నీళ్ళు పెట్టుకుని పట్టలు ఆరినప్పుడల్లా తడుపుతారు. ఈ ఏడు ఉగాది రాకముందే ఎండలు మండిపోయాయి. కంప్యూటరు వేడెక్కితే చెడిపోతుందని కోర్సులో చెప్పిన మాట శశికళకు బాగా గుర్తు. పడుగుకు చల్లదనం కావాలంటే దీనికి మాత్రం వద్దా అనుకుంది. ఒక గోనెపట్టను నాలుగు మడతలు వేసి, తడిపి పిండి, కంప్యూటరు డబ్బా వెనకాల ఆనీ ఆనకుండా కిటికీ ఊచకు వేలాడదీసింది. రోజుకు నాలుగుసార్లు తడిపేది. ఇంత శ్రద్ధగా ఎవరు చూసుకుంటారని లోలోపల మురిసిపోయింది కూడా.

ఇక హనుమన్న సంగతి చెప్పాలి. డెబ్బై నాలుగేళ్ళ మనిషి. అదే వీధిలో చివరిల్లు, శశికళకు వరసకు మామ. అట్టలు రాకముందు వేళ్ళతో దారాలు ఎత్తుకుంటూ అంచు నేసిన చేతులు ఆయనవి. ఏ కాగితం మీదా గీసుకోలేదు. నేసిన చీర నేసినట్టే బజారుకు పోయేది గనక ఇంట్లో నమూనాకు గుడ్డముక్క కూడా మిగల్లేదు. చిలకల బారు, రేగుకంప, కోటకొమ్ములు, ఏటి అలలు, అన్నీ ఆయన తలలోనే. నోరు మాత్రం గట్టిది. ఎవడైనా కుర్రనేతగాడు తడిచేత్తో, పడుగు దారాలు దూరే ఇనుప పన్నె ముట్టుకుంటే వీధి ఈ చివరకు వినబడేలా తిట్టేవాడు. పన్నె పళ్ళకు తుప్పు పడితే పడుగంతా పాడైపోతుందని ఆయన బాధ.

కిందటేడు వానాకాలంలో ఒక మధ్యాహ్నం ఆయనే వచ్చి శశికళ బల్ల పక్కన ముక్కాలిపీట వేసుకున్నాడు.

"నేను పోతే ఇవన్నీ నాతోనే కాటికి పోతాయమ్మా. నీ పెట్టెలో పెట్టుకో. ఎవురన్నా నేసుకోనీ" అన్నాడు.

ఆ రోజు మొదలు ఏడు నెలలు, రోజూ మధ్యాహ్నం కండ్లు మూసుకుని చెబుతూ పోయాడు. "మూడెత్తు, ఒకటి దించు. ఐదెత్తు, రెండు దించు." ఎత్తమంటే గడి నల్లన, దించమంటే తెల్లన. శశికళ నింపుతూ పోయింది. నలభై ఒక్క అంచులు పూర్తయ్యాయి. నలభై రెండోదానికి పేరు లేదు. హనుమమ్మతో పెళ్ళి కుదిరినప్పుడు ఆమె పెళ్ళిచీర కోసం ఆయన సొంతంగా కట్టుకున్న అంచు అది. ఆ చీర ఎప్పుడో చివికి మసిగుడ్డ అయిపోయింది. "మీ అత్తకు చెప్పాకు, అయినంక చూపిద్దాం" అని ముసిముసిగా నవ్వాడు. ముప్పై ఎనిమిది వరసలయ్యాయి. ఫిబ్రవరిలో ఒక రోజు "రెండెత్తు" అని, దించాల్సింది చెప్పకుండానే మూతి ఒక పక్కకు పోయి, పీట మీద నుంచి ఒరిగిపోయాడు.

ప్రాణం నిలిచింది. కుడి పక్క పడిపోయింది. మాట పోయి "ఊఁ ఊఁ" ఒక్కటి మిగిలింది. మనిషికి తెలివి కూడా సగమే మిగిలిందని వీధిలో అందరూ తీర్మానించేశారు. ఆసుపత్రి నుంచి వచ్చాక ప్రతి శనివారం సాయంత్రం నాలుగింటికి హనుమమ్మ ఆయన్ను చక్రాల కుర్చీలో శశికళ ఇంటికి తోసుకొచ్చేది. శశికళ అంచులు ఒక్కొక్కటే తెర మీద పెట్టేది. ఒక్కోదానికి ఆయన ఎడమచేత్తో తొడ మీద ఒక దెబ్బ వేసేవాడు. నలభై ఒక్క దెబ్బలు, లెక్క ఎప్పుడూ తప్పలేదు. నలభై రెండోది మాత్రం ఆమె తెరిచేది కాదు. చూస్తే ఏడుస్తాడేమోనని భయం.

అంతా అయ్యాక ఆయన ఆ ఎడమచేయి లేపి కిటికీ వైపు చూపించి "ఊఁ ఊఁ" అనేవాడు. అక్కడ కడవ ఉంది గదా. "దప్పికైతాందంటమ్మా" అని హనుమమ్మ చెంబు ముంచి నోటి దగ్గర పెట్టేది. ఆయన మొహం తిప్పుకునేవాడు. నీళ్ళు గడ్డం మీదుగా చొక్కా మీదికి కారేవి. ఆరు శనివారాలు ఇలాగే జరిగింది.

"ఆయప్ప ఈ శనివారాల ఆశతోనే అన్నం తింటాండాడు శశీ. శనివారం ఎప్పుడొస్తాదని గోడమీది క్యాలెండరు చూస్తాంటాడు" అని హనుమమ్మ చెబుతుండేది. మనిషికి ఉలికిపాటు గానీ దిగులు గానీ కలగనీయొద్దని డాక్టరు మరీ మరీ చెప్పి పంపాడు.

ఏడో శనివారం ఉదయం తొమ్మిదింటికి శశికళ మీట నొక్కింది. పెట్టె లేవలేదు.

లైటు వెలిగింది. లోపల ఫ్యాను తిరిగింది. తెర మాత్రం నల్లగానే ఉంది. ఒక క్షణం తర్వాత డబ్బాలోంచి పొడుగ్గా ఒక కూత వచ్చింది. ఆగింది. మళ్ళీ ఒక కూత. శశికళ మీట మీద వేలు అదిమిపెట్టి ఆపేసి, రెండడుగులు వెనక్కి జరిగి నిలబడింది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ అదే. ప్లగ్గు ఊడదీసి పెట్టింది. తెర వైరు బిగించింది. వేంకటేశ్వరస్వామి పటానికి దండం పెట్టి నొక్కింది. కూత ఆగలేదు. ఇన్నేళ్ళుగా రకరకాలవాటికి భయపడింది గానీ, నిజమైన భయం ఇలా ఉంటుందని ఆమెకు ఆ ఉదయమే తెలిసింది. బల్లి భయం ఒంటి మీద పాకేది. ఇది కడుపులో రాయిలా కూర్చుంది.

ఆ నలభై ఒక్క అంచులు ఈ లోకంలో ఇంకెక్కడా లేవు. కాగితం మీద లేవు, గుడ్డ మీద లేవు. తలలో ఉంచుకున్న మనిషికి నోరు లేదు. వేరే చోట ఒక నకలు పెట్టుకొమ్మని మహిమ కిందటేడే ఒక పెన్‌డ్రైవ్ ఇచ్చింది. పెన్‌డ్రైవ్‌లతో వైరస్ వస్తుందని ఎవరో అన్నారు. అంతే, దాన్ని కవరు కూడా విప్పకుండా బియ్యం డబ్బాలో దాచేసింది. దొంగలొస్తారని భయపడి ఉన్న ఒక్క తలుపుకూ తాళం వేసి, తాళంచెవి బావిలో పారేసుకున్నట్టయింది.

సాయిప్రసాద్ పొద్దున్నే బస్సుకు బనగానపల్లెలో పెళ్ళికి పోయాడు. ఫోను చేద్దామా అనుకుంది. చేసి ఏం లాభం, ఆయనకు పడుగు అతకడం వచ్చు గానీ పెట్టె సంగతి తెలియదు.

పక్కింటి సోమక్క కరివేపాకు కోసమని వచ్చి, శశికళ మొహం చూసి ఆగిపోయింది. కూత విన్నది. తెర చూసింది.

"దిష్టి తగిలింది మే. వీధిలో అందరి కండ్లూ దీనిమిందనే. ఎండుమిరపకాయలు తిప్పు."

శశికళ తిప్పింది. ఆ సమయంలో గుండు కొట్టించుకొమ్మన్నా కొట్టించుకునేదే. మిరపకాయలు పొయ్యిలో వేస్తే ఘాటుకు ఇద్దరూ కండ్లనీళ్ళు పెట్టుకుని దగ్గారు. పెట్టె దగ్గలేదు. దాని కూత దానిదే.

"రాజంపేటకు ఆటోలో తీస్కపో మల్ల" అంది సోమక్క, ముక్కు తుడుచుకుంటూ.

ఆ మాటకు శశికళ ఇంకా హడలిపోయింది. బట్టలకొట్టు ఓబుళేశు అలాగే పోయిన ఏడు ఎవరికో బాగుచేయమని ఇచ్చాడు. పెట్టె బాగయి వచ్చింది. లోపల ఉన్న కూతురి పెళ్ళి ఫోటోలు మాత్రం ఒక్కటీ రాలేదు. "అన్నీ తుడిచేసి కొత్తగా ఎక్కించినామన్నా, పక్షి మాదిరి ఎగుర్తాది చూడు" అని చెప్పారట. ఓబుళేశు భార్య మూడు రోజులు ఏడ్చింది. నలభై ఒక్క అంచులనూ ఎవరో అలా తుడిచేసి, నవ్వుతూ తన చేతికిస్తారని తలుచుకుంది శశికళ. బల్ల పట్టుకుని కింద కూర్చుండిపోయింది.

గడియారం పదకొండు చూపిస్తోంది. అప్పుడు గుర్తొచ్చింది మహిమ. కోర్సు అయ్యాక శశికళ ఇంటికొచ్చేస్తే, మహిమ ఇంకా చదివి, కడపలో ఏడు రోడ్ల దగ్గర ఒక రిపేరు కొట్లో పని చేస్తోంది. మొగవాళ్ళ మధ్య స్క్రూడ్రైవరు పట్టుకున్న ఒకే ఒక్క ఆడమనిషి. శశికళ ఫోను చేసింది. "మహిమా" అని మాత్రం అంది.

"ఏందక్కా, గొంతు అట్లుండాది?"

"పెట్టె లేయడంల్యా మహిమా. నల్లగా ఉండాది. మామ వస్తాడు నాలుగింటికి. నేనేం చెప్పేది ఆయప్పకు?"

"ఏడవాకు. అడిగిందానికి చెప్పు. లైటు వస్తాందా?"

"వస్తాంది."

"ఫ్యాను?"

"తిరుగుతాంది."

"కూత పెడ్తాందా? ఎట్ల పెడ్తాంది?"

"పొడుగ్గా ఒకటి. రొంతసేపాగి మల్లా ఒకటి. అది వింటాంటే నాకు పానం పోతాంది. ఆపేసినా."

"ఏంటికి ఆపేది? అది నిన్ను బెదిరియ్యడంల్యా అక్కా. దానికి తెలిసిన ఒక్క మాట అదే. నొప్పి యాడుందో చెప్పుకుంటాంది. అట్ల కూసిందంటే ర్యాము సరిగ్గా అంటుకోలా అని. విప్పాల."

"ఎవురు?"

"ఎవురేంది, నువ్వే."

శశికళ డబ్బా వైపు చూసింది. తర్వాత మెల్లగా, "మామ అంచులు ఆ ర్యాములోనే ఉంటాయా?" అని అడిగింది.

"లేదక్కా. అవి హార్డుడిస్కు అని వేరే దాంట్లో ఉంటాయి. ర్యాముకు ఏమైనా వాటికేం కాదు."

"ఖాయమా?"

"చూడకుండా ఖాయమని ఎట్ల చెప్పేది? అది కూడా చెడిందేమో, పెట్టె లేస్తేనే తెలిసేది. నేను ఈడ ప్రార్థన చేస్తాంటా. నువ్వు ముందు ప్లగ్గు పీకు."

ప్లగ్గు పీకింది. మహిమ ఫోను స్పీకర్లో పెట్టమంది. ప్లగ్గు లేకుండానే మీటను పది అంకెలు లెక్కపెట్టేదాకా నొక్కి పట్టుకొమ్మంది. డబ్బాలో మిగిలిన కరెంటు పోతుందట. ఆ తర్వాత కిటికీ ఊచ పట్టుకొమ్మంది.

"అదేంటికి?"

"నీ ఒంట్లో కూడా రవంత కరెంటు ఉంటాది. ఇనుము పట్టుకుంటే దిగిపోతాది."

"నాలో కరెంటా!" అంది శశికళ. ఊచ పట్టుకుని నిమిషం కాదు, మూడు నిమిషాలు నిలబడింది.

మగ్గం బిగించే స్క్రూడ్రైవరు తెచ్చి డబ్బాను ఇటు తిప్పింది. తిప్పి, చేయి అలాగే పెట్టుకుని ఉండిపోయింది. వెనక రేకు అంతా తుప్పు. స్క్రూల తలలు గోధుమరంగు పొడిగా రాలుతున్నాయి. గోనెపట్ట ఎంత మేర వేలాడిందో, సరిగ్గా అంత మేర.

"మహిమా, వెనకంతా తుప్పు పట్టింది."

"ఈ ఎండల్లో తుప్పు యాడిదక్కా? నీళ్ళేమన్నా పోసినావా?"

శశికళ గోనెపట్ట సంగతి చెప్పింది.

"మగ్గానికి చేసే సేవ దీనికి చేసినావా? అయ్యో నా తల్లీ! ఆ పట్ట తీసి అవతల పారెయ్. కడవ కూడా తీసెయ్. నేను ఇంత వరకు ఎలుకలు, బొద్దింకలు చూసినా గానీ, చెమ్మగుడ్డ కట్టి చల్లబరిచినోళ్ళను చూడలా."

శశికళకు నవ్వు రాలేదు. తానే చేసింది. రోజుకు నాలుగుసార్లు, మురిసిపోతూ, తన చేతులతోనే చేసింది. పట్టను పెరట్లోకి విసిరేసి, కడవను వంటగదిలో పెట్టి వచ్చింది. స్క్రూలు రెండు బిగుసుకుపోతే మగ్గానికి వేసే నూనె చుక్క వేసి తిప్పింది. పక్కరేకు ఊడింది. లోపల నూలుపొట్టు బూజులా పట్టి ఉంది. అరచేతి పొడుగు పచ్చని అట్టముక్క నిలబడి ఉంటుంది, అదే ర్యాము, రెండు చివర్లా తెల్ల కొక్కేలు ఉంటాయి, వాటిని వెలపలికి నొక్కితే అది పైకి లేస్తుంది, అంచులు పట్టుకునే తీయాలి అని మహిమ చెప్పింది. శశికళ ఊపిరి బిగబట్టి తీసింది. కింది వైపున బంగారు రంగులో మెరవాల్సిన పళ్ళు నల్లబడి ఉన్నాయి. మధ్యమధ్య పచ్చని మరకలు.

"రబ్బరు ఉండాదా, పెన్సిలుది?"

ఉంది. చిన్నకూతురు వదిలేసి పోయిన పెన్సిలు డబ్బాలో, సగం అరిగింది. మెల్లగా రుద్దింది. నలుపు పోయి పసుపు మెరుపు బయటపడింది. రబ్బరు పొట్టు దులిపింది. కొత్త టూత్‌బ్రష్షుతో కింది గాడిని పొడిగా తుడిచింది. తిరిగి గాడిలో పెట్టి నొక్కింది. ప్లగ్గు పెట్టింది. మీట నొక్కింది.

పొడుగ్గా కూత వచ్చింది.

శశికళ ప్లగ్గు పీకేసి గోడకు ఆనుకుని ఏడ్చింది. చిన్నగా కాదు, నోరు తెరిచి. ఒంటిగంట దాటింది. పొద్దుటి నుంచి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. హనుమన్న కుర్చీ గడపలోకి రావడం, ఆ నల్ల తెరను ఆయన చూడడం, ఎడమచేయి తొడ మీద దెబ్బ వేయడానికి లేచి గాలిలో ఆగిపోవడం, అన్నీ కండ్ల ముందు కదిలాయి. ఆ చేయి మళ్ళీ లేవకపోతే దానికి కారణం తానే. ఈ వీధిలో ఇక తలెత్తుకుని తిరగలేదు, ఆ మాట వేరు. హనుమమ్మ మొహం ఎలా చూస్తుంది?

"అక్కా, వింటాండావా? కొక్కేలు టక్కుమన్యాయా?"

"లేదు."

"రెండు పక్కలా టక్కుమనాల. భయపడి నొక్కినావు నువ్వు. భయపడి నొక్కితే అది కూర్చోదు."

"ఇరిగిపోతే?"

"ఇరగదు. మగ్గానికి పన్నె బిగించేటప్పుడు భయపడ్తావా? అట్ల నొక్కు."

శశికళ మొహం కొంగుతో తుడుచుకుంది. మళ్ళీ ఊచ పట్టుకుంది. అట్టముక్కను గాడిలో నిలబెట్టి, రెండు బొటనవేళ్ళూ ఆనించి, కండ్లు మూసుకుని నొక్కింది. లోపలి పలక కిర్రుమంది. అయినా వేళ్ళు తీయలేదు. టక్. రెండో పక్క కూడా టక్.

ప్లగ్గు. మీట. ఫ్యాను తిరిగింది. ఒకే ఒక్క పొట్టి కూత వచ్చి ఆగిపోయింది. తెర మీద తెల్లని ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి. తేదీ తప్పుగా ఉంది, ముందుకు పోవాలంటే ఫలానా మీట నొక్కమని. పదిహేనేళ్ళ వెనకటి తేదీ చూపిస్తోంది. శశికళ అంచులు కూడా ఆ పదిహేనేళ్ళలో కొట్టుకుపోయాయేమో అనుకుని ఆ తేదీని ఫోనులో చదివి వినిపించింది. లోపలి చిన్న బ్యాటరీ అయిపోయిందంతే, తర్వాత మార్చుకుందువులే అంది మహిమ. నొక్కింది. రంగుల బొమ్మ వచ్చింది. చాలాసేపు తిరిగింది. చివరికి తెర మీద రోజూ చూసే మందారపువ్వు కనబడింది. దాని పక్కన "మామ అంచులు" అని తాను పెట్టుకున్న పేరు. లెక్కపెట్టింది. నలభై రెండు. మళ్ళీ లెక్కపెట్టింది.

"ఉండాయి మహిమా" అంది.

"స్తోత్రం. నేనిచ్చిన పెన్‌డ్రైవ్ ఇప్పుడన్నా బయటికి తియ్యి."

నాలుగింటికి ఐదు నిమిషాల ముందు కుర్చీ చక్రాలు గడప ముందు కిర్రుమన్నాయి. అప్పటికి శశికళ మొహం కడుక్కుని, అంచులన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, దాన్ని తాళిబొట్టు పక్కన పిన్నీసుకు తగిలించుకుంది. హనుమమ్మ కుర్చీని ఎప్పటి చోటుకు తోసి చెమట తుడుచుకుంది.

హనుమన్న తెర వైపు చూడలేదు. వస్తూనే ఆయన కండ్లు డబ్బా వెనకాల కిటికీ మీదికి పోయాయి. ఎడమచేయి ఎప్పటిలాగే లేవబోయింది. కిటికీ ఊచ ఖాళీగా ఉంది. ఆయన దాన్నే చూస్తూ ఉండిపోయాడు. సగం లేచిన చేయి మెల్లగా దిగి ఒళ్ళో పడింది. పొడుగ్గా ఊపిరి వదిలాడు. శశికళ అది చూసింది. తడిచేత్తో పన్నె ముట్టుకున్నందుకు వీధంతా వినబడేలా తిట్టిన మనిషి. ఇనుప డబ్బాకు తడి పట్ట వేలాడుతుంటే ఆయనకు తెలియదా?

ఆమె కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"మామా, ఆ పట్ట తియ్యమని చెప్తాంటివా?"

హనుమన్న తల ఒకసారి కిందికి వంచి పైకెత్తాడు. కండ్లలో నీళ్ళు తిరిగాయి.

"ఓయమ్మా!" అంది హనుమమ్మ. "ఆరు వారాలు నేను నీళ్ళు తాపితినే! నాయనా, నేను నీళ్ళు తాపితినే!" అంటూ ఆయన గడ్డం పట్టుకుంది.

శశికళకు సిగ్గేసింది. తాను భయపడింది ఒక్క పూట. అప్పటికీ ఫోనులో ఏడవడానికి ఒక మనిషి ఉంది. ఈయన ఆరు వారాలు ఒక్కడే భయపడ్డాడు. చెప్పాడు, చెప్పినకొద్దీ నోట్లో నీళ్ళు పోశారు. తెలివి సగం పోయింది ఆయనకు కాదు.

అంచులు ఒక్కొక్కటే చూపించింది. నలభై ఒక్క దెబ్బలు పడ్డాయి. ఎప్పుడూ అయితే అక్కడ కట్టేసేది. పొద్దున డబ్బా విప్పినప్పటికన్నా ఇప్పుడే ఎక్కువ భయమేసింది. అయినా నలభై రెండోది తెరిచింది. సగం అంచు, ముప్పై ఎనిమిది వరసలు, ఆ కింద ఖాళీ గడులు.

హనుమన్న కదల్లేదు. ఏడవనూ లేదు.

"ఇదేం అంచు మే? దీన్ని ఎప్పుడూ చూపియ్యలే" అంది హనుమమ్మ.

"నీ పెండ్లిచీరది అత్తా."

హనుమమ్మ తెర దగ్గరికి వంగింది. నోటి మీద కొంగు పెట్టుకుంది. శశికళ ఆయన వైపు తిరిగింది.

"రెండెత్తు అన్యావు మామా, ఆ పొద్దు. దించేది చెప్పలా. చేత్తో చెప్పు. ఎన్ని దించాల?"

ఎడమచేయి ఒళ్ళోంచి లేచింది. ఒక వేలు కిందికి చూపింది. తర్వాత మూడు వేళ్ళు పైకి. ఆ తర్వాత ఒకటి కిందికి.

"ఒకటి దించు. మూడెత్తు. ఒకటి దించు" అని పైకి చదువుతూ శశికళ గడులు నింపింది.

ఎండ తగ్గేవేళకు పదకొండు వరసలయ్యాయి. ఒక్కో వరస కాగానే పిన్నీసు విప్పి, పెన్‌డ్రైవ్‌లో నకలు పెట్టి, మళ్ళీ తగిలించుకుంది. వాటిలో ఎనిమిదో వరసలో ఒక గడి తప్పు నింపితే హనుమన్న "ఊఁ" అన్నాడు. శశికళ వెనక్కి తీసుకుంది.